ఎస్ఎంపీఎస్ మార్చాక నాస్‌లో రెండు డ్రైవ్‌లు మాయమైతే

మీరు రాసింది రెండుసార్లు చదివాను బ్రదర్. ఇంట్లో ఫైళ్లన్నీ దాచే నాస్ మెషిన్ మీది: పాత ఆఫీస్ డెస్క్‌టాప్ బోర్డు మీద ట్రూనాస్ అనే ఓఎస్, 8 టీబీ డ్రైవ్‌లు నాలుగు, వాటన్నిటినీ కలిపి ఒకే నిల్వగా చేసే రెయిడ్‌జెడ్1 పూల్, చెన్నై షోలింగనల్లూర్ ఫ్లాట్‌లో రెండేళ్లుగా ఏ గొడవా లేకుండా నడిచింది. పోయిన శనివారం పాత ఎస్ఎంపీఎస్ (మెషిన్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) ఫ్యాన్ మోత పెడుతోందని కొత్తది వేశారు, పనిలో పనిగా పెన్‌డ్రైవ్ మీదున్న ఓఎస్‌ని తీసేసి బోర్డుకే నేరుగా గుచ్చే 256 జీబీ ఎం.2 ఎస్ఎస్‌డీ మీద కొత్తగా ఇన్‌స్టాల్ చేశారు. ఆన్ చేస్తే నాలుగింటిలో రెండే కనబడుతున్నాయి, పూల్ అసలు రావట్లేదు. పోయిన ఏడాది చనిపోయిన మీ నాన్నగారి ఫొటోలు, వీడియోలు అన్నీ అందులోనే ఉన్నాయి, వేరే కాపీ లేదు. రెండు డ్రైవ్‌లూ ఒకేసారి పోయాయా, కొత్తవి రెండు కొని పెడితే డేటా తిరిగొస్తుందా అని అడిగారు.

కొనకండి. రెయిడ్‌జెడ్1 ఒక డ్రైవ్ లేకపోయినా నడుస్తుంది, రెండు లేకపోతే నడవదు. ఖాళీ డ్రైవ్‌లు రెండు తెచ్చి పెట్టినా పోయిన డేటాని కట్టడానికి కావలసిన లెక్క మిగిలిన రెండింటిలో లేదు, కాబట్టి ఆ డబ్బు వృథా. పైగా కొత్తవి చూసిన హడావిడిలో ఎక్కడో ఒకచోట పూల్ క్రియేట్ బటన్ నొక్కే ప్రమాదం ఉంది, నాకు అసలు భయం అదే.

రెండేళ్లు బాగా నడిచిన నాలుగు డ్రైవ్‌లలో రెండు, సరిగ్గా మీరు కేబినెట్ విప్పిన గంటలోనే చనిపోవడం చాలా అరుదు. చెయ్యి పెట్టిన చోటే ముందు వెతకాలి. మీరు చెయ్యి పెట్టింది మూడు చోట్ల: కరెంటు సరఫరా మారింది, బోర్డు మీద ఇంతకుముందు ఖాళీగా ఉన్న ఎం.2 స్లాట్ నిండింది, ఓఎస్ కొత్తది అయింది. మూడింటికీ డ్రైవ్‌ని మాయం చేసే శక్తి విడివిడిగా ఉంది. మీ రెండు డ్రైవ్‌లూ ఒకే కారణంతో పోలేదని, ఒక్కోటి ఒక్కో కారణంతో పోయిందని నా అనుమానం. ఎందుకో కింద చెప్తాను.

అంతకంటే ముందు, ఈ రాత్రి నుంచి ఏం చేయకూడదో చెప్తాను, ఇది మాత్రం దయచేసి పాటించండి. కనబడుతున్న రెండు డ్రైవ్‌లని విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలించి చూడాలనిపిస్తుంది. తగిలిస్తే విండోస్‌కి జెడ్ఎఫ్ఎస్, అంటే ట్రూనాస్ డేటా రాసే పద్ధతి, అర్థం కాదు, ఇనిషియలైజ్ చేయమని, ఫార్మాట్ చేయమని అడుగుతుంది, నిద్రమత్తులో ఒక్క క్లిక్ చాలు. ట్రూనాస్‌లో క్రియేట్ పూల్ జోలికి, వైప్ జోలికి వెళ్లకండి. మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేస్తూ కూర్చోకండి. ఫ్రిజ్‌లో పెట్టండి, తట్టి చూడండి అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఫ్రీజర్లోంచి తీసిన డ్రైవ్ మీద మన మద్రాసు గాలికి నీటిబొట్లు పడతాయి, ఆ తడితో కరెంటు ఇస్తే బాగున్న డ్రైవ్ కూడా పోతుంది.

ఇంకో సంగతి గుర్తుంచుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. మీకు నాలుగూ తిరిగి రావాల్సిన పని లేదు, మూడు వస్తే చాలు, పూల్ లేస్తుంది, ఫొటోలన్నీ కాపీ చేసుకోవచ్చు. అంటే మాయమైన రెండింటిలో ఏది తేలిగ్గా వస్తుందో దాన్ని ముందు రప్పిద్దాం, రెండోదాని సంగతి తీరిగ్గా చూద్దాం.

ఇప్పుడు వెతికే వరస. డ్రైవ్ కనబడట్లేదు అనే మాట అందరూ ఒకే మాటగా వాడతారు కానీ అందులో చాలా అంతస్తులు ఉన్నాయి. డ్రైవ్ మోటారు తిరుగుతోందా, బయోస్‌కి (ఓఎస్ కంటే ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రామ్‌కి) కనబడుతోందా, ట్రూనాస్ అడుగున ఉండే లైనక్స్ కెర్నెల్‌కి కనబడుతోందా, ట్రూనాస్ డిస్కుల పేజీలో ఉందా, పూల్ దాన్ని తనదిగా గుర్తుపట్టిందా. కింద నుంచి పైకి వెళ్లండి, ఏ అంతస్తులో మాయమైందో తెలిస్తే కారణం దాదాపు తెలిసినట్టే. చాలామంది పై నుంచి మొదలుపెట్టి, ట్రూనాస్ స్క్రీన్ ముందు రెండు రోజులు కూర్చుని, చివరికి పవర్ కేబుల్ దగ్గరికి వస్తారు.

మొదట సీరియల్ నంబర్లు రాసుకోండి. ఒక్కో డ్రైవ్ లేబుల్ మీద ఉన్న సీరియల్‌లో చివరి నాలుగు అక్షరాలు చిన్న స్టిక్కర్ మీద రాసి, డ్రైవ్‌కి బయటికి కనబడే వైపు అంటించండి. ట్రూనాస్ డిస్కుల పేజీలో కనబడే రెండింటి సీరియల్ చూసి, లేనివి ఏ రెండో ఖాయం చేసుకోండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లని నమ్మకండి, అవి బూట్ అయినప్పుడల్లా మారొచ్చు. ఈ పది నిమిషాల పని చేయకుండా మొదలుపెట్టినవాళ్లు బాగున్న డ్రైవ్‌నే పీకేసి మూడోది కూడా పోయిందని గాభరా పడటం నేను చూశాను.

తర్వాత మెషిన్ ఆపి, ప్లగ్ తీసి, కేబినెట్ పక్క పలక విప్పి, మళ్లీ ఆన్ చేసి, మాయమైన ఒక్కో డ్రైవ్ మీద వేలు ఆనించి చూడండి. 3.5 అంగుళాల డ్రైవ్ తిరగడం మొదలుపెడితే వేలికి సన్నటి వణుకు తెలుస్తుంది, ఫ్యాన్ల మోతలో చెవికి తెలియకపోయినా వేలికి తెలుస్తుంది. ఇక్కడ మూడు రకాల ఫలితాలు రావొచ్చు: అసలు కదలిక లేదు, బాగానే తిరుగుతోంది కానీ కనబడట్లేదు, లేదా తిరిగి టక్ టక్‌మని కొట్టుకుని ఆగిపోతోంది. మూడోదైతే వెంటనే ఆపేసి ఆ డ్రైవ్‌ని పక్కన పెట్టండి, దానికి మళ్లీ కరెంటు ఇవ్వకండి. లోపల హెడ్ (డేటా చదివే భాగం) దెబ్బతిని ఉంటే తిరిగిన ప్రతిసారీ డేటా ఉండే పళ్లెం మీద గీత పడొచ్చు. మీకు అది అయి ఉండదనే అనుకుంటున్నాను.

అసలు కదలిక లేని డ్రైవ్ దగ్గర ఆగుదాం. మీ ప్రశ్నలో మధ్యలో ఒక ముక్క రాసి వదిలేశారు: నాలుగింటిలో ఒకటి సేల్‌లో చవగ్గా వచ్చిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్ డబ్బా విప్పి తీసింది అని, పాత ఎస్ఎంపీఎస్‌కి సాటా (ఇప్పటి డ్రైవ్‌లకి తగిలించే రకం) పవర్ కనెక్టర్లు మూడే ఉండటంతో దానికి మోలెక్స్ అనే పాత రకం కనెక్టర్‌ని సాటాకి మార్చే కన్వర్టర్ వాడేవాళ్లమని. నాకు దారి దొరికింది ఆ ముక్కలోనే. తిరగని డ్రైవ్ అదే అయితే దానికి ఏ జబ్బూ లేదు.

సంగతి ఏమిటంటే, సాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్నులు ఉంటాయి. మొదటి మూడు పాత లెక్క ప్రకారం 3.3 వోల్టులకి, మధ్యలో మూడు 5 వోల్టులకి, చివరి మూడు 12 వోల్టులకి, మిగిలినవి ఎక్కువగా గ్రౌండ్. మామూలు 3.5 అంగుళాల డ్రైవ్‌లు 3.3 వోల్టులని వాడుకోవు. 2016లో వచ్చిన సాటా 3.3 వెర్షన్‌లో మూడో పిన్నుకి కొత్త పని ఇచ్చారు, దాన్ని పవర్ డిజేబుల్ అంటారు. డేటా సెంటర్లలో వేలకొద్దీ డ్రైవ్‌లు ఉంటాయి కదా, ఒకటి మొండికేస్తే మనిషి వెళ్లి పీకి పెట్టకుండా, ఆ పిన్ను మీద వోల్టేజ్ పెట్టి డ్రైవ్‌ని దూరం నుంచే ఆపి మళ్లీ లేపడానికి. ఎక్స్‌టర్నల్ డబ్బాల్లో వచ్చే పెద్ద డ్రైవ్‌లలో చాలావాటికి ఈ సదుపాయం ఉంటుంది. ఇప్పుడు మన ఇంటి ఎస్ఎంపీఎస్ పాత లెక్క ప్రకారం ఆ పిన్ను మీద ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూ కూర్చుంటే, డ్రైవ్ దాన్ని ఆగిపో అనే ఆజ్ఞగా తీసుకుని అసలు లేవదు. మోలెక్స్ కనెక్టర్‌లో 12, 5 వోల్టులే ఉంటాయి, 3.3 ఉండదు. అందుకే మీ డ్రైవ్ రెండేళ్లు కన్వర్టర్ మీద హాయిగా నడిచింది, కొత్త ఎస్ఎంపీఎస్ సొంత సాటా కేబుల్ తగిలించగానే నిద్రపోయింది.

దీనికి మందు ఒక ముక్క కాప్టన్ టేప్. రిచీ స్ట్రీట్‌లో సోల్డరింగ్ సామాన్లు అమ్మే ఏ కొట్టులో అయినా దొరుకుతుంది, బంగారు గోధుమ రంగులో పల్చగా ఉంటుంది. డ్రైవ్ వెనక పవర్ వైపు పిన్నుల వరస చూడండి, డేటా కనెక్టర్‌కి దగ్గరగా ఉన్న చివర నుంచి లెక్కపెడితే మూడోది అది. ఒక్క పిన్ను మీదే అతికించడం చాలా కష్టం కాబట్టి మొదటి మూడూ కలిపి మూసేయండి, అవి మూడూ 3.3 వైపువే, మన డ్రైవ్‌కి అక్కర్లేదు. నాలుగో పిన్ను మీదికి టేప్ పోకూడదు. అంచు మడత పడకుండా, టూత్‌పిక్‌తో నొక్కుతూ అతికించి, కనెక్టర్‌ని నిటారుగా పెట్టండి, వంకరగా పెడితే టేప్ జారి ముడుచుకుంటుంది. సెల్లోటేప్ వాడొద్దు, కేబినెట్ లోపలి వేడికి జిగురు కరిగి పిన్నుల మధ్యకి చేరుతుంది. కొందరు ఎస్ఎంపీఎస్ కేబుల్‌లో నారింజ రంగు తీగ కత్తిరించేస్తారు, అదీ పనిచేస్తుంది కానీ కొత్త ఎస్ఎంపీఎస్‌కి వారంటీ పోతుంది, పైగా ఇప్పుడు తీగలన్నీ నల్లగానే వస్తున్నాయి, తప్పు తీగ తెగితే కష్టం.

పాత మోలెక్స్ కన్వర్టర్‌నే మళ్లీ వాడతానంటే ముందు దాని తల చూడండి. సాటా వైపు కనెక్టర్ ప్లాస్టిక్‌లో పోతపోసినట్టు గట్టి ముద్దగా ఉంటే పారేయండి. ఆ రకంలో తీగల చివర్లు ప్లాస్టిక్ లోపల దగ్గర దగ్గరగా ఉండి, పోత పోసేటప్పుడు కొంచెం కదిలినా తర్వాతెప్పుడో షార్ట్ అయి మంట పుట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇంట్లో అందరూ పడుకున్నాక కూడా 24 గంటలూ నడిచే మెషిన్ ఇది. తీగలు ఒక్కోటి విడిగా క్రింప్ చేసి (నొక్కి బిగించి), వెనక మూత తెరవగలిగే రకం తీసుకోండి.

కేబుళ్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను, ఇది చాలా ముఖ్యం: మీ కొత్త ఎస్ఎంపీఎస్ మాడ్యులరా? అంటే కేబుళ్లు రెండు వైపులా ఊడొస్తాయా? అయితే దాని డబ్బాలో వచ్చిన కేబుళ్లు మాత్రమే వాడారా, లేక ఇంట్లో పడి ఉన్న వేరే కేబుల్ ఏదైనా తగిలించారా? డ్రైవ్ వైపు కనెక్టర్ అందరికీ ఒకటే కానీ ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల అమరికకి ప్రమాణం అంటూ లేదు, ఒక కంపెనీది ఇంకో కంపెనీకి, ఒక్కోసారి అదే కంపెనీలో ఇంకో మోడల్‌కి కూడా కుదరదు. ఆకారం కుదిరి లోపలికి దూరుతుంది, 5 వోల్టులు రావాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్తాయి. వేళచ్చేరిలో మా స్నేహితుడు ఒకరు 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను తర్వాత పాడైన ఎస్ఎంపీఎస్ మార్చుకుంటూ పాత కేబుళ్లే కొత్తదానికి పెట్టారు, కేబినెట్ లోపల కేబుళ్లన్నీ మళ్లీ ఎవరు లాగుతారులే అని. ఒక్క సెకనులో మూడు డ్రైవ్‌లు పోయాయి. వాటి బోర్డు మీద ఎక్కువ వోల్టేజ్ వస్తే తాను షార్ట్ అయి మిగిలినదాన్ని కాపాడే చిన్న డయోడ్ ఉంటుంది, అదృష్టం కొద్దీ రెండింటిలో అది మాత్రమే కాలింది, డేటా రికవరీ వాళ్లు దాన్ని తీసి డ్రైవ్‌లని లేపారు. మూడోది రాలేదు. మీరు అలాంటి కేబుల్ ఏదైనా వాడి ఉంటే ఇక మెషిన్ ఆన్ చేయకుండా ముందు నాకు చెప్పండి, దారి వేరే ఉంటుంది.

ఇక రెండో డ్రైవ్, అంటే బాగానే తిరుగుతున్నా బయోస్‌లో కూడా లేనిది. నా అనుమానం మీ ఎం.2 ఎస్ఎస్‌డీ మీద. చాలా బోర్డులలో, ముఖ్యంగా ఆఫీస్ డెస్క్‌టాప్ తరగతి బోర్డులలో, చిప్‌సెట్ నుంచి వచ్చే దారులు తక్కువ, కనెక్టర్లు ఎక్కువ. అందుకని ఎం.2 స్లాట్‌కి, ఏదో ఒక సాటా పోర్టుకి ఒకే దారి పంచుతారు. స్లాట్ ఖాళీగా ఉన్నంతకాలం ఆ పోర్టు పనిచేస్తుంది, స్లాట్‌లో సాటా రకం ఎస్ఎస్‌డీ పెట్టగానే పోర్టు ఆగిపోతుంది. కొన్ని బోర్డులలో ఎన్‌వీఎంఈ అనే ఇంకో రకం ఎస్ఎస్‌డీ పెట్టినా రెండు పోర్టులు పోతాయి. బయోస్ దీని గురించి ఒక్క మాట కూడా చెప్పదు, మాన్యువల్‌లో సాటా కనెక్టర్ల పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీ బోర్డు మోడల్ రాయలేదు, మాన్యువల్ పీడీఎఫ్ తీసి ఆ పేజీ చూడండి, లేదా మోడల్ ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.

మాన్యువల్ దొరకకపోయినా పరీక్ష సులువు. మీ బోర్డుకి ఆరు పోర్టులున్నాయన్నారు, వాడుతున్నవి నాలుగే. మెషిన్ ఆపి, ప్లగ్ తీసి, మాయమైన డ్రైవ్ డేటా కేబుల్‌ని బోర్డు వైపు ఖాళీ పోర్టుకి మార్చండి, అంతే. అక్కడ కనబడితే కారణం దొరికినట్టే. పోర్టులు మారిస్తే పూల్ వరస చెడుతుందేమో అనే భయం అక్కర్లేదు. జెడ్ఎఫ్ఎస్ ఏ డ్రైవ్ ఏ పోర్టులో ఉందో పట్టించుకోదు. ఒక్కో డ్రైవ్ మీద తన గుర్తింపు లేబుల్ నాలుగు చోట్ల, మొదట్లో రెండు, చివర రెండు, రాసి పెట్టుకుంటుంది, అవి చదివి తనవాళ్లని తానే గుర్తుపడుతుంది. నాలుగు డ్రైవ్‌లనీ కలగాపులగం చేసి పెట్టినా ఏం కాదు.

ఇది తేలిక పని కాబట్టి టేప్ కంటే ముందు ఇదే చేయండి. ఇది వస్తే మూడు అయ్యాయి, పూల్‌కి అవి చాలు.

ఖాళీ పోర్టులోనూ రాకపోతే, కనబడుతున్న డ్రైవ్ ఒకదాని డేటా కేబుల్‌ని దీనికి పెట్టి చూడండి, అప్పటికీ రాకపోతే పవర్ కనెక్టర్‌ని కూడా దానిదే పెట్టి చూడండి. ఒకసారికి ఒక్క మార్పే. రెండు ఒకేసారి మారిస్తే పనిచేసినా ఎందుకు పనిచేసిందో తెలియదు, వారం తర్వాత మళ్లీ అదే సమస్య వస్తుంది. సాటా డేటా కేబుళ్లు చవక వస్తువే కానీ అందులో నాసిరకం ఎక్కువ, మూలలో గట్టిగా మడిచినవి, లాక్ క్లిప్ లేనివి కేబినెట్ మూసేటప్పుడు సగం ఊడిపోతాయి. మనది సముద్రం పక్క ఊరు, షోలింగనల్లూర్ అంటే ఉప్పుగాలి ఇంటికే వస్తుంది, రెండేళ్లు కదలకుండా ఉన్న కనెక్టర్‌ని ఊడదీసి పెట్టేటప్పుడు పిన్నుల మీద మసక పొర కనబడొచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బట్టతో మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి.

బయోస్‌లో ఉన్నప్పుడే ఇంకో రెండు చూడండి. సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉండాలి. మీది పాత బోర్డు, ఎస్ఎంపీఎస్ మార్చేటప్పుడు చాలాసేపు ప్లగ్ లేకుండా ఉండి ఉంటుంది, లోపలి సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటే సెట్టింగులన్నీ ఫ్యాక్టరీవి అయిపోతాయి. కొన్ని ఆఫీస్ బోర్డులకి ఫ్యాక్టరీ సెట్టింగ్ రెయిడ్ మోడ్. బయోస్ గడియారం తప్పు తేదీ చూపిస్తే బ్యాటరీ మార్చండి. పోర్టు ఒక్కోదాన్ని విడిగా ఎనేబుల్, డిజేబుల్ చేసే మెను కూడా ఉంటుంది, అదీ ఒకసారి చూడండి.

బయోస్‌లో ఉండి ట్రూనాస్‌లో లేకపోతే కెర్నెల్ లాగ్ చదవాలి. ట్రూనాస్ షెల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే స్క్రీన్‌లో, డీమెస్గ్ (dmesg) కమాండ్ కొట్టి ఏటీఏ (ata) అన్న లైన్లు ఏరి చూడండి. ఒక్కో పోర్టుకి ఒక్కో లైన్ ఉంటుంది. లింక్ అప్ 6.0 జీబీపీఎస్, ఎస్‌స్టేటస్ 133 అని ఉంటే ఆ పోర్టు పూర్తి వేగంతో మాట్లాడుతోంది. ఎస్‌స్టేటస్ 113, వేగం 1.5 అని ఉంటే డ్రైవ్ ఉంది కానీ కేబుల్ బాగోక వేగం తగ్గించుకుంటూ వచ్చింది. లింక్ డౌన్, ఎస్‌స్టేటస్ 0 అంటే అటు వైపు ఎవరూ లేరు, ఖాళీ పోర్టుకీ ఇదే వస్తుంది, డ్రైవ్ తగిలించిన పోర్టుకి వస్తే కరెంటో కేబులో పోర్టో చూడాలి. లింక్ ఈజ్ స్లో టు రెస్పాండ్ అని వచ్చి, కామ్‌రీసెట్ ఫెయిల్డ్ అని పదేపదే వస్తుంటే అటు ఎవరో ఉన్నారు కానీ జవాబివ్వట్లేదు, చాలాసార్లు అది మోటారు లేచేటప్పుడు కరెంటు చాలకపోవడం, కొన్నిసార్లు నిజంగానే డ్రైవ్ బోర్డు పాడవడం.

కరెంటు చాలకపోవడం అన్నాను కదా, దాని లెక్క చెప్తాను, ఎందుకంటే స్ప్లిట్టర్ల విషయంలో అందరూ తప్పు చేసేది ఇక్కడే. 3.5 అంగుళాల డ్రైవ్ తిరగడం మొదలుపెట్టే కొద్ది సెకన్లు 12 వోల్టుల లైన్ మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, తిరగడం మొదలయ్యాక అందులో చాలా తక్కువ. నాలుగూ ఒకేసారి లేస్తే 8 ఆంపియర్లు, అంటే 96 వాట్లు. మీ 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌కి అది పెద్ద బరువు కాదు. కానీ సాటా పవర్ కనెక్టర్‌లో ఒక్కో పిన్నుకి పరిమితి 1.5 ఆంపియర్లు, 12 వోల్టుల పిన్నులు మూడు, మొత్తం 4.5. ఒక సాటా కనెక్టర్ నుంచి నాలుగుగా చీల్చే స్ప్లిట్టర్ పెడితే ఆ ఒక్క కనెక్టర్ మీద 8 ఆంపియర్లు పడతాయి. రోజూ బాగానే లేస్తుంది, ఒకరోజు వోల్టేజ్ కొంచెం కుంగి ఒక డ్రైవ్ లేవదు, మీరు దాన్ని అనుమానిస్తారు. మీరు స్ప్లిట్టర్ వాడుతున్నారో లేదో రాయలేదు. వాడుతుంటే తీసేసి, ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే వేర్వేరు కేబుళ్ల మీదికి రెండేసి చొప్పున పంచండి.

ఎలాగూ లాగ్ చూస్తున్నారు కాబట్టి కనబడే ప్రతి డ్రైవ్‌కీ స్మార్ట్ రిపోర్ట్ (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) కూడా తీయండి. 5, 197, 198 నంబర్ల దగ్గర సున్నాలు ఉంటే పళ్లెం ఆరోగ్యంగా ఉన్నట్టు. 199 దగ్గర పెద్ద సంఖ్య ఉంటే భయపడకండి, అది కేబుల్ మీద డేటా చెడిన లెక్క, డ్రైవ్ లోపల చెడింది కాదు. ఆ లెక్క ఎప్పటికీ సున్నాకి రాదు, కాబట్టి ఈరోజు సంఖ్య రాసుకుని, కేబుల్ మార్చి, వారం తర్వాత పెరిగిందా లేదా చూడాలి.

డ్రైవ్‌లు మూడో నాలుగో డిస్కుల పేజీలోకి వచ్చాక కూడా పూల్ దానంతటదే రాదు, అది చూసి మళ్లీ గుండె ఆగినంత పని కాకూడదని ముందే చెప్తున్నాను. మీరు ఓఎస్ కొత్తగా ఇన్‌స్టాల్ చేశారు, ఆ కొత్త ఓఎస్‌కి మీ పూల్ గురించి ఏమీ తెలియదు. పాత సెట్టింగుల ఫైల్ లేదన్నారు, పరవాలేదు, షేర్లు, యూజర్లు మళ్లీ చేసుకోవాలి, డేటాకి దానితో సంబంధం లేదు. పాత పెన్‌డ్రైవ్‌ని మాత్రం చెరపకుండా దాచండి, దాని మీద పాత సెట్టింగులు ఇంకా ఉన్నాయి.

షెల్‌లో జెడ్‌పూల్ ఇంపోర్ట్ (zpool import) అని, ఏ పేరూ ఇవ్వకుండా కొట్టండి. అలా కొడితే అది చూసి చెప్తుందంతే, దేన్నీ మార్చదు. మీ పూల్ పేరు, దాని కింద నాలుగు డ్రైవ్‌ల స్థితి వస్తాయి. డిగ్రేడెడ్ (కొరత ఉన్నా నడవగలదు) అని ఉండి మూడు ఆన్‌లైన్ ఉంటే చాలు. అప్పుడు రీడ్‌ఓన్లీ ఆన్ అనే ఆప్షన్‌తో, ఎంఎన్‌టీ ఫోల్డర్ కింద ఇంపోర్ట్ చేయండి. పాత ఓఎస్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేయకుండా తీశారు కాబట్టి, ఈ పూల్ వేరే సిస్టమ్ వాడుతోంది అని ఆపొచ్చు, అప్పుడు ఫోర్స్ ఆప్షన్ కూడా కలపండి. ఆ వేరే సిస్టమ్ మీ పాత ఇన్‌స్టలేషనే, అది ఇప్పుడు నడవట్లేదు, కాబట్టి ఇక్కడ ఫోర్స్ సురక్షితం. స్క్రీన్ మీద బటన్‌తో కూడా ఇంపోర్ట్ అవుతుంది కానీ ఈ మొదటిసారి మాత్రం రీడ్‌ఓన్లీగా చేయమంటాను, పూల్ మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా ఫొటోలు బయటికి తీసుకోవడం కోసం.

ఇంపోర్ట్ అయిన నిమిషం నుంచి ఒకటే పని. నాన్నగారి ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీద మీ ల్యాప్‌టాప్‌కో, దానికి తగిలించిన ఎక్స్‌టర్నల్ డిస్కుకో కాపీ చేయండి. స్క్రబ్ వద్దు, రీసిల్వర్ (వెనకబడిన డ్రైవ్‌ని మిగిలినవాటితో సమానం చేయడం) వద్దు, నాలుగో డ్రైవ్ గురించి ఆలోచన కూడా వద్దు. స్క్రబ్ అంటే ఉన్న మూడు డ్రైవ్‌ల మీది డేటా మొత్తాన్నీ చదివించి సరిచూడటం, వాటిలో ఏదైనా బలహీనంగా ఉంటే ఆ శ్రమలోనే పోతుంది, మూడే ఉన్నప్పుడు ఇంకొకటి పోతే ఇక ఏమీ లేదు. కాపీ అయ్యాక పదీ ఇరవై ఫైళ్లు అక్కడక్కడా తెరిచి చూడండి, వీడియోలు చివరిదాకా జరిపి చూడండి. తర్వాత వాటిలో ఒక కాపీ మీ ఇంట్లో కాకుండా ఊళ్లో అమ్మగారి దగ్గరో అక్క దగ్గరో ఉండేలా ఇంకో డిస్కు మీద పెట్టండి.

అది అయ్యాక మెషిన్ ఆపి, టేప్ పని చేసి, నాలుగో డ్రైవ్‌ని లేపి, పూల్‌ని ఈసారి మామూలుగా ఇంపోర్ట్ చేయండి. మధ్యలో ఏమీ రాయలేదు కాబట్టి నాలుగూ ఒకే స్థితిలో ఉంటాయి, రీసిల్వర్ అవసరమే రాకపోవచ్చు, వచ్చినా నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు స్క్రబ్ పెట్టండి. 8 టీబీ డ్రైవ్‌లు నిండుగా ఉంటే చాలా గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయండి, కానీ కరెంటు పోయే సూచన ఉన్న రోజు వద్దు. యూపీఎస్ లేదని రాశారు. ఇంటి ఇన్వర్టర్ మీద ఉన్నా, మారే ఆ క్షణంలో కొన్ని ఇన్వర్టర్లు కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసేంత ఆలస్యం చేస్తాయి, దానికంటూ చిన్న యూపీఎస్ ఒకటి ఉండాలి.

చివరగా, ముందు ముందు డ్రైవ్‌లు పెంచాలని ఉంది, రిచీ స్ట్రీట్‌లో డ్రైవ్ పోర్టులు పెంచే వాడిన సర్వర్ కార్డులు చూశానని రాశారు. ఇప్పుడే వద్దు, ఈ సమస్య తీరేదాకా కొత్త వస్తువు ఏదీ ఆ కేబినెట్‌లోకి పోకూడదు. తర్వాత కొంటే ఎల్ఎస్ఐ 9211-8ఐ లాంటి పాత కార్డులు మంచివే, కానీ ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌లని ఉన్నవి ఉన్నట్టు ఓఎస్‌కి చూపించే రకం) వేసి ఉందో లేదో అడిగి తీసుకోండి. దాని మినీ సాస్ కేబుళ్లలో (ఒక చివర నుంచి కొన్ని సాటా కనెక్టర్లుగా చీలేవి) ఫార్వర్డ్, రివర్స్ అని రెండు రకాలు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కార్డు నుంచి డ్రైవ్‌లకి వెళ్లడానికి ఫార్వర్డే కావాలి, రెండోది పెడితే ఒక్క డ్రైవ్ కూడా కనబడదు. పైగా అవి సర్వర్ గదుల్లో హోరున గాలి తగిలే చోట ఉండాల్సిన కార్డులు. మా ఇంట్లో మే నెలలో మధ్యాహ్నం పూట నాలుగు డ్రైవ్‌లు ఒకేసారి మాయమై రాత్రికి తిరిగొచ్చేవి, వారం రోజులు కేబుళ్లు మార్చాక అర్థమైంది కార్డు చిప్ వేడెక్కుతోందని. హీట్‌సింక్ మీద చిన్న ఫ్యాన్ బిగించాక ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.

ఈ రాత్రికి సీరియల్ నంబర్లు, వేలు పెట్టి చూసిన ఫలితం, పోర్టు మార్చి చూసిన ఫలితం, ఈ మూడూ రాయండి. బోర్డు మోడల్, ఎస్ఎంపీఎస్ కేబుళ్లు డబ్బాలోవేనా కాదా అన్నది మర్చిపోకండి. జెడ్‌పూల్ ఇంపోర్ట్ దగ్గరికి వచ్చినప్పుడు ఎంటర్ కొట్టే ముందు ఆ కమాండ్ ఇక్కడ పెట్టండి, చూసి సరేనన్నాక కొడుదురుగాని. నేను రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను.